మారెక్క మలుపులో వెనక సీటు

గోరంట్ల నుంచి నల్లమాడకు పోయే పాత దారిలో, సగం దాటినాక, ఒక వంక అడ్డమొస్తుంది. వంక అని పేరే గానీ దాంట్లో నీళ్లు పారంగా చూసినవాళ్లు ఇప్పుడు ఊరికొకరున్నా గొప్పే. ఇసుక, బండరాళ్లు, రెండు గట్ల మీదా కానుగ చెట్లు. వంకలోకి దిగే ముందు దారి కొడవలి మాదిరి తిరుగుతుంది. దాన్నే మారెక్క మలుపు అంటారు.

పగలు ఆ మలుపులో గొర్రెలు మేస్తాయి. కాపరులు సద్ది విప్పుకుంటారు. పొద్దు గూకినాక మాత్రం... డ్రైవర్లు వెనక సీటు ఖాళీగా పెట్టుకోని ఆ మలుపు దాటరు. మనుషులు లేకపోతే ఒక మూట. మూట లేకపోతే తవుడు సంచి. ఏదీ దొరక్కపోతే ఒక రాయైనా ఎత్తి వెనక పెట్టుకుంటారు.

ఎందుకంటే — ఖాళీ కనపడితే మారెక్క ఎక్కి కూచుంటుందంట.

శెనక్కాయ పీకే కూలికి పోయి జీపులో తిరిగొస్తాండిన మనిషి మారెక్క. జీపు నిండా ఆడవాళ్లు. ఆమె వెనక కొసన, కాళ్లు బయటికి వేలాడేసి కూచునింది. మలుపు రాకముందే తల తిరుగుతాందని చెప్పిందంట. 'దించండప్పా... నన్ను దించండి...' అని రెండు తూర్లు అన్నదంట. పాటలు పాడుకుంటా వస్తాండిన వాళ్లకు వినపడలేదు. వంక దాటినాక వెనక్కి తిరిగి చూస్తే, కొసన మారెక్క లేదు.

అప్పటి నుంచి ఆ మలుపులో రాత్రిపూట బండి వెనకభాగం ఉన్నట్టుండి కుంగుతుంది. ఎవరో ఎక్కినట్లు బరువు. స్టీరింగు ఒకపక్కకు లాక్కుపోతుంది. ఆ తర్వాత... చెవి పక్కనే... గుసగుసగా... 'దించప్పా' అని వినపడుతుందంట.

ఇది నమ్మని మనిషి గోరంట్లలో ఒకడుండె. నాగేశ్వర. కార్ల మెకానిక్కు. "వెనక కుంగిందంటే స్ప్రింగు పట్టీ విరిగుంటాదప్పా! దెయ్యానికి మన డొక్కు బండ్లెక్కే ఖర్మ ఏంటికి?" అని నవ్వేవాడు.

రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో ఆ మలుపులో జరిగిన సంగతి, తర్వాత కొన్నేండ్లకు, అతని నోటితోనే బయటికొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన సంగతే. అయినా చెప్పినాడు.

నాగేశ్వరకు ఆ ఊర్లో ఉన్న పేరంతా ఒక కారు పెట్టిన పేరు. మూడుసార్లు సర్పంచిగా చేసిన బయ్యన్నది ఆ కారు. పందొమ్మిది వందల అరవై నాటి అంబాసిడరు, మీగడ రంగు. ఇరవై రెండేండ్లు దాని మీద నాగేశ్వర చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. అది ఊరి బయట మలుపు తిరగంగానే, చూడకుండానే, "మూడో ప్లగ్గు కొట్టుకుంటాంది" అని చెప్పేవాడు. బయ్యన్న పదిమందిలో అతని భుజం మీద చెయ్యేసి, "నా గుండెకు డాక్టరు అనంతపురంలో ఉండాడు. నా కారుకు డాక్టరు ఈడే ఉండాడు" అనేవాడు. ఆ మాట ఇచ్చినంత తృప్తి నాగేశ్వరకు ఏ అన్నమూ ఇచ్చేది కాదు.

బయ్యన్న పోయినాడు. కారు ఆయన కూతురు ప్రసూన చేతికొచ్చింది. హిందూపురం కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. భర్త ఉద్యోగం బళ్లారిలో. తల్లి నారాయణమ్మకు తోడుగా, ఎనిమిదేండ్ల కూతురు ప్రశాంతిని తీసుకోని గోరంట్ల ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ యేడే కదిరి రోడ్డులో శివప్ప షెడ్డు తెరిచినాడు.

శివప్ప పదేండ్లు బెంగుళూరులో పాతకాలం కార్లు బాగుచేసే చోట పనిచేసి వచ్చినోడు. షెడ్డుకు సిమెంటు నేల. కారు కింద నిలబడి పనిచేసేదానికి గుంత. గోడకు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా తగిలించిన పానాలు. మాట మెత్తన. అందరినీ 'అన్నా' అనేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది నాగేశ్వరకు. తిట్టుకునేదానికి కూడా వాడు ఏమీ మిగల్చలేదు.

ఒకరోజు బస్టాండులో టీ తాగుతాంటే రోడ్డు మీద బయ్యన్న కారు పోయింది. నాగేశ్వర చూడకముందే విన్నాడు. ఇరవై రెండేండ్లు విన్న శబ్దమే... కానీ అది కాదు. కొత్త పట్టుచీర మడత విప్పినట్లు, మెత్తగా, ఒకే తీరుగా పోయింది.

"శివప్ప ఇంజను మొత్తం విప్పి కట్టినాడంట," అన్నాడు టీ అంగడాయన.

నాగేశ్వర నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి అతనికొక జబ్బు పట్టుకునింది. ఇంటికి పోయే దగ్గరి దారి వదిలేసి, కదిరి రోడ్డు చుట్టి పోయేవాడు. శివప్ప షెడ్డు ముందర ఎన్ని బండ్లు నిలబడుండాయో చూసుకుంటా. నాలుగుంటే అన్నం సయించేది కాదు. ఒకటే ఉంటే కొంచెం నిద్ర పట్టేది. ఒక్కటీ లేని రోజు ఒకసారి వచ్చింది. సంతోషంగా ఇంటికొచ్చి భార్య సువర్ణతో చెప్తే, "శివప్ప తిరుపతికి పోయినాడంటయ్యా, షెడ్డు మూసుండాడు" అనింది.

ఇట్లుండంగా, రోడ్డు మీద మేక అడ్డమొచ్చి ప్రసూన ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కింది. వెనక సీట్లో నిలబడి ఆడుకుంటాండిన ప్రశాంతి ఎగిరి ముందు సీటు కమ్మీకి కొట్టుకునింది. కనుబొమ్మ మీద మూడు కుట్లు పడినాయి. ఆ కుట్లు చూసినాక ప్రసూనకు నిద్ర పట్టలేదు. బెంగుళూరుకు మనిషిని పంపి సీటు బెల్టులు తెప్పించింది. ముందు సీట్లకు ఒక జత, వెనకకు ఒక జత.

ఊరంతా నవ్వింది. ఆ రోజుల్లో కొత్త కార్లలో ముందు సీటుకున్న బెల్టే ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. ఇంగ నలభై మూడేండ్ల కారుకు, అదీ వెనక సీటుకు బెల్టులా!

ఒక పొద్దున ఆ కారు నాగేశ్వర షెడ్డు ముందర ఆగింది.

"నాగేశ్వరన్నా, వెనక బెల్టులు నువ్వే వెయ్యల్ల," అనింది ప్రసూన దిగుతా. "ఈ కారు ఒళ్లు నీకు తెలిసినట్లు ఇంకెవరికి తెలుసు?"

నాగేశ్వర గుండె ఒక్కసారి పొంగింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటా ఎదురుపోయినాడు. అంతలో అవతలి తలుపు తెరుచుకునింది. శివప్ప దిగినాడు.

ముందు బెల్టులు అప్పటికే వాడు వేసేసినాడు. ఇంజను వానిది, ముందు సీటు వానిది. తనకు మిగిలింది వెనక సీటు.

"అన్నా, ఒక్క మాట," అన్నాడు శివప్ప, మెత్తగా. "వెనక ఎడమ పక్క అడుగు రేకు తుప్పు తినేసిండాది. ఉత్త రేకుకు బోల్టు బిగిస్తే, గట్టిగా గుంజినప్పుడు రేకును చించుకోని వస్తాది. అడుగున అరచేతంత మందపాటి ప్లేటు పెట్టి, దానికి బిగించల్ల."

"తెలుసప్పా."

"తెలుసునని నాకూ తెలుసన్నా. జ్ఞాపకం చేస్తాండా, అంతే."

ప్రసూన తల ఊపింది, పాఠం విన్న పిల్ల మాదిరి. ఆ తల ఊపడం నాగేశ్వర కండ్లలో కారం పడినట్లు పడింది.

రెండు రోజులు పని చేసినాడు. వెనక సీటు ఎత్తి బయట పెట్టినాడు. కారు పక్క స్తంభాలకు బెల్టుల పైకొనలు బిగించినాడు. కుడి పక్క అడుగున ప్లేటు పెట్టి, బోల్టు దించి, నట్టు బిగించి, తానే రెండు చేతులా గుంజి చూసినాడు. కొండను కట్టేసినా ఆగేట్లుండె.

తర్వాత ఎడమ పక్క.

రేకు మీద స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే లొత్త పడింది. శివప్ప చెప్పింది నిజమే. ప్లేటు కోసి పెట్టుకున్నాడు, చేతిలోనే ఉంది. దాన్ని పెట్టేదానికి కారు కిందికి దూరినాడు... అప్పుడు వినపడినాయి మాటలు. ఎవరూ అనలేదు. అతని తలలోనే వినపడినాయి. 'నాగేశ్వర బాగానే వేసినాడు. శివప్ప చెప్పబట్టి.'

చాలాసేపు కారు కింద వెల్లకిలా పడుకోనే ఉన్నాడు.

ఆ తర్వాత ప్లేటు పక్కన పెట్టేసినాడు. రూపాయి బిళ్లంత వాషరొకటి తీసి, ఉత్త రేకుకే నట్టు బిగించేసినాడు. పైన నల్లగా తారు పూసినాడు. దీన్ని ఎవరు గుంజబోతారు? చూసేదానికి వేసుకుంటాండారు, అంతే గదా... అని తనకు తానే చెప్పుకున్నాడు.

బుధవారం కారు ఇచ్చేసినాడు. శుక్రవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, పిండి మిషన్ కాడి నుంచి సువర్ణ నవ్వుకుంటా ఇంటికొచ్చింది.

"నారాయణమ్మ నన్ను చూసి కారు ఆపించిందయ్యా! 'సువర్ణా, నీ మొగుడు నన్ను పెయ్యదూడను కట్టేసినట్లు కట్టేసినాడు సూడే' అని ఒకటే నవ్వు. నల్లమాడలో పెండ్లికి పోతాండారంట."

నాగేశ్వర చేతిలో చెంబు ఆగిపోయింది. "యా పక్కన కూచోనుండాది?"

"ఎవరు?"

"నారాయణమ్మ. యా పక్క?"

"ఎడమ పక్క. పాప కుడి పక్క. ఏంటికి?"

"యా దారిన పోతాండారు?"

"పాత దారిన. కొత్త దారి తవ్వి పోసిండారంట గదా... ఏమయ్యా, యాడికి ఇప్పుడు?"

అతను అప్పటికే రాజ్‌దూత్ బండి బయటికి తోసినాడు.

"పోతే పోతివి, వెనక ఏమన్నా కట్టుకోని పో!" సువర్ణ గడప దాటి అరిచింది. "మారెక్క మలుపు..."

వినిపించుకోలేదు.

నారాయణమ్మ మామూలు మనిషి కాదు అతనికి. ఇరవై రెండేండ్లు ఆ ఇంటి వాకిట్లో కారు కింద పనిచేస్తే, ఒక్కరోజు కూడా తినకుండా పంపలేదు. 'నాగేశా' అని పిలిచే గొంతు అది. ఆ మనిషి లావు. మోకాళ్ల నొప్పులు. ఆ మనిషిని ఒక వాషరుకు వేలాడదీసినాడు తాను.

చీకటి కమ్ముకునింది. వెన్నెల లేదు. బండి లైటు పది అడుగుల కంటే ముందుకు పడటంలేదు. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. వాళ్లను ఆపి ఏమని చెప్పేది? 'ఒక నట్టు బిగించాల్సిండాదమ్మా, మర్చిపోతి' అని చెప్పల్ల. కిందికి దూరి ఏదో ఒకటి అడ్డం పెట్టల్ల. నిజం చెప్తే? చెప్తే శివప్పకు తెలుస్తాది... అంత పరుగులో కూడా మొదట గుర్తొచ్చింది శివప్ప మొహమే. అందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా ఆ మొహం పోలేదు.

కానుగ చెట్లు కనపడినాయి. మలుపు.

బండి వంపు తిరిగింది—

వెనక కుంగింది.

ఉన్నట్టుండి... మెల్లగా... ఎవరో వెనక సీటు మీద కూచున్నట్లు. హ్యాండిలు ఎడమకు లాగింది.  స్ప్రింగు... స్ప్రింగే... అనుకున్నాడు నాగేశ్వర. వెనక్కి తిరిగి చూసేదానికి మెడ తిరగలేదు. బ్రేకు తొక్కినాడు. ఇంజను ఆగిపోయింది.

నిశ్శబ్దం. కీచురాళ్లు కూడా లేవు.

అప్పుడు... కింద ఎక్కడో... గొంతు.

"దించప్పా..."

ఆడగొంతు. అలిసిపోయి, ఊపిరి అందక.

"నన్ను... దించప్పా..."

నాగేశ్వర బండి మీద నుంచి దిగలేదు, పడిపోయినాడు. మట్టిలో పాకినాడు. పరిగెత్తల్లని చూసినాడు, కాళ్లు లేవు. నోట్లో ఏ దేవుని పేరూ రాలేదు. మూడోసారి గొంతు వినపడింది. ఈసారి దాని వెనకే సన్నగా ఇంకొకటి — ఏడుపు. చిన్నపిల్ల ఏడుపు.

"అవ్వా... అవ్వా..."

తల ఎత్తి చూసినాడు. వంకలో, ఇసుక మీద, రెండు ఎర్రదీపాలు. ఒకదాని పక్కన ఒకటి ఉండాల్సిన దీపాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కారు కుడిపక్కకు ఒరిగి పడిపోయి ఉంది.

గట్టు మీద నుంచి ఎట్ల దిగినాడో తెలీదు.

పెట్రోలు వాసన. ముందు సీట్లో ప్రసూన బెల్టులోనే ఉంది, చెయ్యి విరిగి, స్పృహ వస్తా పోతా. వెనక కుడిపక్క, కిందవైపు, ప్రశాంతి తలుపుకు అతుక్కోని ఏడుస్తా ఉంది. ఆ పిల్ల మీద, నెత్తికి జానెడు ఎత్తులో... నారాయణమ్మ. ఎడమ పక్క బెల్టుకు వేలాడుతా. మొత్తం మనిషి, మొత్తం బరువు, ఆ ఒక్క బెల్టు మీద.

"ఎవరప్పా... దించు నన్ను... ఇది తెగితే పాప మీద పడతా..."

"నేను నాగేశ్వరనమ్మా."

"నాగేశా..." ఆ గొంతులో ధైర్యం వచ్చింది. "నువ్వు కట్టిందే గదరా... ఏం కాదులే ఇంగ."

అడుగు రేకు కిర్రుమనింది.

ఆ శబ్దం ఏంటిదో ప్రపంచంలో తనొక్కనికే తెలుసు. వాషరు రేకును తింటా ఉంది. ఇంకొంచెం... ఇంకొంచెం... నాగేశ్వర వంకలో రాయెత్తి వెనక అద్దం పగలగొట్టినాడు. నడుము దాకా లోపలికి దూరి, వీపు నారాయణమ్మ కిందికి ఆనించి, బరువు మోసుకుంటానే చెయ్యి చాపి పాప బెల్టు మీట నొక్కినాడు. "రా పాపా, నా చంక కింద నుంచి రా... ఏడవొద్దు, రా..." పిల్ల అతని పక్కటెముకలు గీరుకుంటా బయటికి జారింది. తర్వాత నారాయణమ్మ. మీట నొక్కంగానే ఆ మనిషంతా అతని వీపు మీద పడింది. ఇద్దరూ గాజు పెంకుల మీదే కూలబడినారు. 

ప్రసూనను పైకి తేలిన ముందు తలుపులో నుంచి లాగినాడు. ఆమె మంచి చేత్తో అతని చొక్కా పట్టుకునింది.

"మలుపు తిరుగుతాంటే... వెనక కుంగిందన్నా. ఎవరో ఎక్కి కూచున్నట్లు... కారు నా మాట వినలేదు."

నాగేశ్వర గట్టు ఎక్కినాడు. బండి పెట్టెలో టార్చి ఉంది. తెచ్చినాడు. కారు పక్కకు పడిందిగదా, అడుగుభాగం అంతా గోడ మాదిరి ఎదురుగా నిలబడి ఉంది. ఆ వాషరు ఎంత దూరం చింపిందో చూడల్లని టార్చి వేసినాడు.

వాషరు లేదు.

ఆ చోట అరచేతంత ప్లేటు ఉంది. మందపాటిది. దానికి తాను వేసిన బోల్టు కాదు, అంతకంటే లావు బోల్టు. పైన తారు ఇంకా పచ్చిగా మెరుస్తా ఉంది. తుప్పు రేకు చుట్టూ ముడతలు పడి కిర్రుమంటా ఉంది గానీ, ప్లేటు కదల్లేదు.



తాను పెట్టలేదు. తన చేత్తో పక్కన పెట్టేసినాడు ప్లేటు. అది ఇప్పుడు కూడా షెడ్డులో గోడ వారన ఉంది. మరి... ఎవరు పెట్టినారు?

వెనక గట్టు మీద ఎండుటాకులు గలగలమన్నాయి. నాగేశ్వర తిరిగి చూడలేదు.

ఒక లారీ వాళ్లను కదిరి ఆస్పత్రికి చేర్చింది. ప్రసూన చేతికి కట్టు వేసినారు. నారాయణమ్మకు భుజం మీద నుంచి నడుము దాకా బెల్టు అచ్చు నల్లగా కమిలింది, అంతే. ప్రశాంతికి గీతలు. డాక్టరు ఆ కమిలిన గుర్తు చూసి, "ఈ బెల్టులు వేసినవాని చేతులకు దండం పెట్టుకోండి" అన్నాడంట.

నాగేశ్వరకు జ్వరం వచ్చింది. మూడు రోజులు.

ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా అతని ఇంటికొచ్చింది. "నాగేశ్వరా, నీ బెల్టు మూడు ప్రాణాలు కాపాడిందప్పా!" "శివప్ప ఇంజను ఏం చేసింది? నీ బెల్టేగదా!" రెండేండ్లుగా ఏ మాటల కోసం కడుపు మండించుకున్నాడో ఆ మాటలే. మంచం చుట్టూ నిలబడి అందరూ అంటాంటే, దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

సువర్ణకు మాత్రం అంతా చెప్పినాడు. ఆమె ఒక్కమాట కూడా తిట్టలేదు. మరుసటి పొద్దున పసుపు కుంకుమ, రవిక గుడ్డ తీసుకోని మారెక్క మలుపుకు పోయింది. తిరిగొచ్చినాక ఆమె కొంగులో ముండ్లున్నాయి. ఒక్కొక్కటీ వేలెడంత.

"చేండ్లకు కంచె వేసేదానికి తుమ్మ కంప తోలుతాండారంటయ్యా. బండ్లన్నీ ఆ మలుపులో ఒరుగుతాయి, కంప రాలుతాది. దారంతా ముండ్లే. కారు వెనక టైరు చూసినా, మూడు గుచ్చుకోనుండాయి. నీ బండికీ అంతే. గాలి పోయి కుంగిండాది."

నాగేశ్వర లేచి కూచున్నాడు. కొంచెం ఊపిరి ఆడింది.

"మరి ప్లేటు?" అన్నాడు.

సువర్ణ కొంగులోని ముండ్లు ఒక్కొక్కటే ఏరి పొయ్యిలో వేసింది.

నాలుగో రోజు అతను మెల్లగా కదిరి రోడ్డుకు నడిచినాడు. నలిగిన కారును శివప్ప షెడ్డుకే తెచ్చినారు. శివప్ప ఒక్కడే ఉన్నాడు. వెనక తలుపు విప్పుతా ఉన్నవాడు నాగేశ్వరను చూసి పానా కింద పెట్టినాడు.

"ప్లేటు నువ్వే పెట్టినావా?"

"ఊ."

అది వినంగానే నాగేశ్వరకు ముందుగా వచ్చింది సంతోషం కాదు, సిగ్గు కూడా కాదు. ఈ పుణ్యం కూడా వీనికే దక్కిందే అన్న కుళ్లు. తర్వాతే సిగ్గు వచ్చింది. అక్కడే పాత టైరు మీద కూచున్నాడు.

"ఎప్పుడు?"

"శుక్రవారం. పెండ్లికి పోతాం, బ్రేకులు ఒకసారి చూడమని పొద్దున్నే తెచ్చి ఇచ్చిరి. గుంతలో నిలబడి లైటు వేస్తే... కనపడె."

"ఎవరికైనా చెప్పినావా?"

"లేదు."

"నాకెందుకు చెప్పలేదు? నాలుగు మాటలు తిట్టుంటే పోయేది గదప్పా."

శివప్ప చేతులు తుడుచుకుంటా ఉన్నాడు. తుడిచిన చేతులే మల్లా మల్లా తుడుచుకుంటా ఉన్నాడు.

"అన్నా, నువ్వు నన్ను మంచోణ్ణి అనుకుంటాండావు. అది మోయలేను. నేను ఆ వాషరు చూసింది పొద్దున పది గంటలకు. ప్లేటు పెట్టింది సాయంత్రం నాలుక్కు."

"పనులుండి..."

"ఏ పనీ లేదు. ఊరకే కూచోనుంటి."

షెడ్డు బయట బస్సొకటి పోయింది. అది పోయేదాకా ఆగినాడు శివప్ప.

"రెండేండ్లాయె ఈ ఊరికొచ్చి. ఎంత బాగా చేసినా ఒకటే మాట. 'మా నాగేశుడైతే చెవితో పట్టేస్తుండె.' నారాయణమ్మ అంటాది, టీ అంగట్లో అంటారు, ఆఖరికి నా పెండ్లాం కూడా ఒకరోజు అనె. ఆ వాషరు చూడంగానే... ఒక్కసారి తెగనీ, అందరూ చూస్తారు అనుకుంటి. ఆ పక్కన ఎవరు కూచుంటారో నాకు తెలుసన్నా. తెలిసే అనుకుంటి."

 ఎదురుగా ఉన్నవాని మొహంలో నాగేశ్వరకు తన మొహమే కనపడుతుంటే చూడలేక కారు వైపు తిరిగినాడు.

"మల్లా ఏంటికి పెట్టినావు?"

"నాలుక్కు పాప వచ్చె, కారు అయ్యిందా అని అడిగేదానికి. వెనక సీట్లోకెక్కి ఎడమ బెల్టు పట్టుకోని రెండు తూర్లు గుంజె. 'మామా, ఇది మా అవ్వ కూచునే పక్క. మా అవ్వ శానా లావు గదా... ఇది పట్టుకుంటాదా?' అనె."

"నువ్వేమంటివి?"

శివప్ప తల ఎత్తలేదు. గొంతు గుసగుసకు వచ్చింది.

"'పట్టుకుంటాది పాపా' అంటి. నవ్వుకుంటా ఎల్లిపాయె."



"అప్పటికి ప్లేటు పెట్టలేదన్నా."